పుత్తూరు కట్టు, సముద్రం

మామిడికాయల లారీ మీదినుంచి పడ్డప్పుడు
నాకు పదకొండేళ్ళు.
చిత్తూరు నుంచి పుత్తూరు దాకా
రోడ్డు మీది ఒక్కో గుంతనూ
నా ఎముక లెక్కపెట్టింది.

ఆకుపసరు, గుడ్డు తెల్లసొన,
వెదురు బద్దలు, గుడ్డ పీలికలు.
"నలభై దినాలు కదలగూడదు అబ్బోడా"
అన్నాడు కట్టు కట్టినాయన.
వసారా గోడకు బొగ్గుగీతలు గీసుకుంటా
రేణిగుంట పోయే రైళ్ళ కూతలు వింటా
పడుకున్నా.

పక్క చాప మీద నగరి నేతగాడు దొరసామి.
కుడిచెయ్యి మెడకు వేలాడతా ఉండేది.
తలకింద ఒక పుస్తకం.
అట్ట లేదు, రాసినాయన పేరుండే పేజీ లేదు.
అంగట్లో పొట్లాలకు చించబోతుంటే
బొమ్మ చూసి అడుక్కున్నాడంట:
నీళ్ళడుగున ఇనప ఓడ,
దాని అద్దానికి ముఖమానించిన చేప.
"నాకు చదువు రాదు, నీకు కాలు రాదు.
కానీ, మొదలుపెట్టు."

కూడబలుక్కుంటా చదివినా.
ఓడ మునిగిన ప్రతిసారీ
దొరసామి ఊపిరి బిగబట్టేవాడు.
"మగ్గం మాదిరి చప్పుడొస్తాదా దానికి?"
"కరెంటు పోతే ఏం జేస్తారు లోపలుండేవాళ్ళు?"
సముద్రం ఆయన చూడలేదు, నేనూ చూడలేదు.
ఇద్దరం కలిసి ఒకటి చేసుకున్నాం,
ఆయన అద్దకం తొట్టి నీలంతో,
మా వీధి కొళాయి చప్పుడుతో.
ఉప్పు మాత్రం నిజమైందే,
రాత్రిళ్ళు నొప్పికి నేనేడ్చినప్పటిది.

చివరి పేజీలు అప్పటికే
ఎవరింటికో శనగపప్పుతో పోయినాయి.
కట్టు విప్పే ముందురోజు
దొరసామే ముగించినాడు కథ:
"కుశస్థలి ఎండింది పైకే గదా,
అడుగున నీళ్ళుండాయి.
ఓడ ఆ దోవన వచ్చింది.
మా ఇంటెనక బావిలో
తెల్లారుజామున లైటు కనబడింది."
మా ఆవిడ కూడా చూసింది, అన్నాడు.

చాన్నాళ్ళకు తిరుపతి లైబ్రరీలో
అట్ట చెదరని ప్రతి దొరికింది.
రాసినాయన ఫ్రెంచివాడు.
చిన్నప్పుడు ఓడెక్కి పారిపోబోతే
నాయన పట్టి ఈడ్చుకొచ్చినాడని చెప్పుకుంటారు.
పెద్దయినాక సొంత మనిషే కాల్చితే
తూటా కాల్లో దిగి
పోయేదాకా కుంటుతానే నడిచినాడంట,
కుంటుతానే రాసినాడంట.

పుస్తకం మూసి నా కాలు తడుముకున్నా.
వాన మబ్బు పట్టితే ఇప్పటికీ గుర్తుచేస్తాది.
దొరసామి ఉండుంటే
నోరు చప్పరించి అనుండును:
"అయ్యో, ఆ మహానుభావుణ్ణి
ఒక్కసారి పుత్తూరికి పిల్చకరాకపోయినారా?
మూడు కట్లకు సరిపోయుండునే."