ముక్కల డబ్బా

కాశీబుగ్గలో మా బట్టీకి బోర్డు లేదు.
సందు చివర లేచే పొగే బోర్డు.
ఎనభై కిలోల పిక్క ఉడికితే
పప్పు ఇరవై కిలోలకి అటూ ఇటూ.
గుండు టిన్నులోకి పోతుంది.
బద్ద వేరే, ముక్క వేరే,
నూక మిఠాయి కొట్టుకి.

పద్నాలుగేళ్లు పరాయి బట్టీలో పిక్క కొట్టాను.
బూడిద రాసుకుని కూర్చున్నా
జీడి రసం తోలు తిని, గీతలు తిని,
రేషన్ డిపోలో మిషను
నన్ను గుర్తు పట్టడం మానేసింది.
"నువ్వు నువ్వేనా?" అన్నాడు కుర్రాడు.
ఏమో బాబూ అన్నాను.

తర్వాత అప్పు, తర్వాత సెకండ్‌హ్యాండ్ బాయిలరు,
తర్వాత పదకొండు మంది ఆడవాళ్లు నా కొట్లో.
చేతి తొడుగులు కొన్నాను, డజను జతలు.
వేగం తగ్గితే కూలీ తగ్గుతుందని వేసుకోరు.
బ్యాంకు కాగితంలో "ప్రొప్రయిటర్" అన్న మాట కింద
పారమ్మ అని రాశాను, వంకరగా.
ఆ రోజే అనుకున్నాను:
గుండు నాది. ముక్క నాది కాదు.

ముక్క అమ్మిన డబ్బు
మూత లేని పాత టిన్నులో పడేది.
అది అక్కుపల్లి నుంచి ముగ్గురికి
వారానికి రెండుసార్లు ఆటో బాడుగ.
నీళ్లో, నేలో, ఇంకేదో,
కొబ్బరికి పడింది, జీడికి పడింది,
మా ఉద్దానంలో మనుషులకే పడలేదు.
దాలమ్మ, ఆవిడ మరిది, పందొమ్మిదేళ్ల పిల్లడు ఒకడు:
రక్తం కడిగించుకోడానికి
తెల్లారకుండా బయల్దేరాలి.

మార్చిలో ఆడిటర్ పట్నాయక్ గారు కళ్లజోడు దించి
"ఇదే పద్దు కింద రాయాలమ్మా?
ఖర్చా? దానమైతే రసీదు కావాలి" అన్నారు.
దాలమ్మని రసీదు ఎలా అడగను.
ఆయన పెన్సిల్‌తో అంకె వేసి
పక్కన ప్రశ్న గుర్తు పెట్టారు.

నిరుడు పిక్క ధర నిలబడి పప్పు ధర కూలింది.
బాయిలరుకి చిల్లు పడింది.
వెల్డరు అడ్వాన్సు అడిగాడు.
శనివారం పదకొండు మందికి కూలీ.
రాత్రి, బట్టీ చల్లారాక,
ముక్కల డబ్బాలో చెయ్యి పెట్టాను.
ఎవరూ చూడలేదు.
వేలిముద్రలు కూడా పడలేదు.

తిరిగి పెట్టేద్దాం అనుకుంటూనే
రెండు నెలలు దాటించాను.
ఢిల్లేశ్వరరావుకి ఫోన్ చెయ్యలేదు.
బాడుగ లేక ఆటో ఆపేసే ఉంటాడు.
అటు నుంచి పిక్క తెచ్చే లారీ వాడిని
ధర అడిగాను, తూకం అడిగాను,
దాలమ్మ ఎలా ఉందని అడగలేదు.

ఓ పొద్దున్న రైల్వే గేటు పడింది.
నా పక్కనే ఆటో ఆగింది.
వెనక ముగ్గురూ ఉన్నారు.
దాలమ్మ సూదుల చెయ్యి ఎత్తి ఊపింది,
నరం తాడులా ఉబ్బిన చెయ్యి.
అద్దం పైన, దేవుడి పటం పక్కన,
బీడీ కట్ట అట్ట.
ఐదేసి గీతలు మూడు కట్టలు, పక్కన నాలుగు.
పైన, తప్పు లేకుండా, పారమ్మ బాకీ.

"మరేటి సేత్తాం," అన్నాడు ఢిల్లేశ్వరరావు,
"డీజిలు నేనే కొట్టించీసినాను.
నువ్వెక్కడికి పోతావేటి."
గేటు లేచింది. నా వెనక బండ్లు హారన్ కొట్టాయి.

ఇన్నాళ్లూ ఆ ఆటో
నా డబ్బాతోనే నడుస్తోందనుకున్నాను.

నెలకి మూడు గీతలు కొట్టేయిస్తున్నాను.
డబ్బాకి మూత చేయించాను, తాళం లేదు.
ఈ మార్చిలో పట్నాయక్ గారు మళ్లీ పెన్సిలు తీశారు.
"బాకీలు" అన్నాను.
"ఎవరికి?"
బయట లారీ వచ్చి నిలబడింది, పిక్క దించాలి.
ముందు రాసేయండి,
పేర్లు నెమ్మదిగా చెప్తాను అన్నాను.