రెండు రిమోట్లు, ఒక జత సెల్లులు

ఎనిమిదో ఇంక్లైన్ కాలనీల
నా దుకాణం మూసి ఐదేండ్లయింది.
బోర్డు మీద ‘డిస్కుల కిరాయి’ల
‘కిరాయి’ ఒక్కటే మిగిలింది.
గది కిరాయికనుకొని వచ్చి అడుగుతరు మంది.

అరల మీద మాత్రం ఇంకా మూడు వరుసలు.
కింద వీసీడీలు, నడుమ డీవీడీలు,
మీద నీలం డబ్బాల బ్లూరేలు, పదకొండే పదకొండు.
హైదరాబాదు పోయినప్పుడు మోజుపడి తెచ్చిన,
ఒక్కటి గుడ కిరాయికి పోలే.

ఏది ఉంటది ఏది పోతది అని
ఒకప్పుడు ఈ అరుగు మీద పెద్ద పంచాయతి.
“కొత్తది వచ్చినంక పాతది పారేసుడే”
అనెటోడు డంపర్ నడిపే సంపత్.
“గట్లయితె మా బాయి గుడ పూడ్చుండ్రి మరి”
అనెటోడు ఓదెలు బావ.
భూమి లోపలి బాయి, భూమి మీది ఓపెన్‌కాస్టు
ఒక్క ఊళ్లె రెండూ నడుస్తున్న కాలం.
ఒకే సైరను. ఇద్దరి టిఫిన్లల్ల అదే చింతకాయ తొక్కు.

సంపత్ ఒకసారి పంతానికి
పాత మిషిన్ల బ్లూరే పెట్టిండు.
తిరిగింది, తిరిగింది,
తనకు రాని భాషల ఉత్తరం వచ్చినట్టు
కాసేపు చూసి బయటికి తోసింది.

మొన్న ముసురుల ఓదెలు వచ్చిండు.
అంగి లోపల కవరు, కవర్ల ఇంకో కవరు,
దాంట్ల రెండు వీసీడీలు.
మార్కరు పెన్నుతోని నా రాతే:
‘పదవీ విరమణ. శ్రీ ఓదెలు, టింబర్‌మన్. ఒకటో భాగం, రెండో భాగం.’

నేనే తీసిన.
రాజలింగు మాట్లాడుతుంటె బ్యాటరీ అయిపోయింది,
సగమే వచ్చింది.
పోయిన నెల రాజలింగు పోయిండు.
ఆ సగం కోసం వచ్చిండు ఓదెలు.

కొత్త మిషిన్ల పెట్టిన.
దానికి రెండు కండ్లంటరు,
సన్న రాతకు నీలిది, పాత రాతకు ఎర్రది.
డీవీడీ దాకా బాగనే గుర్తువట్టింది.
వీసీడీ పెడితె మాత్రం
నాయిన తెలిసి తాత తెలువని పోరని లెక్క
ముఖం తిప్పుకున్నది.

మంచం కిందికెళ్లి పాతదాన్ని గుంజిన.
తలుపు తెరువది, పిన్నీసుతోని తీసిన.
లెన్సు మీద నల్లటి పొర.
ఈ ఊళ్లె దగ్గు ఏడికెళ్లి వస్తదో
ఇదీ ఆడికెళ్లే వచ్చింది.
పుల్లకు దూది చుట్టి, జర స్పిరిటు అద్ది,
కంట్ల నలక తీసినట్టు తుడిచిన.

గర్రుమన్నది. పట్టుకున్నది.
చదరాలు చదరాలుగ దండలు, చదరాలుగ చప్పట్లు.
రాజలింగు మైకు పట్టుకున్నడు:
“మా ఓదెలు దుంగ నిలవెట్టిండంటె కప్పు కింద...”
ఆడికే నల్లగయింది తెర.
“మల్ల పెట్టు” అన్నడు.
మూడుసార్లు పెట్టిన.
కప్పు కింద ఏమైతదని నేనడుగలే, ఆయన చెప్పలే.

వైర్లు మార్చనీకి టీవీ ఎనుకకు పోతె
ఎరుపు, పసుపు, తెలుపు మూడు గుండ్రటి బొక్కలు,
పక్కనే కొత్తదానికి ఒక సప్పిడి బొక్క.
ఇన్నేండ్లు ముందటి దిక్కు కూసొని కొట్లాడినం,
ఎనుక దిక్కు తొంగి చూసినోడు లేడు.

“పాతదాన్ని తీస్కపో బావా” అన్న.
“మా ఇంట్ల టీవీ గోడకు కొట్టిండ్రు, పలుచటిది,
ఆ మూడు బొక్కలు దానికి లెవ్వు” అన్నడు.
“ఐతారం ఐతారం నేనే వస్త తియ్.”

రిమోట్లు రెండు, సెల్లులు ఒకటే జత.
పాతదాంట్లకెళ్లి తీసి కొత్తదాంట్ల వేసిన.
పలుకలే.
ఓదెలు చెయ్యి చాపిండు,
ఒక్కొక్క సెల్లును దవడ పండ్ల నడుమ పెట్టి కొరికిండు,
అంగికి తుడిచి ఇచ్చిండు:
“ఇప్పుడు చూడు.”