చెవి లేని తాళం

రేవు ఒడ్డున ఎర్ర చెక్కగది.
గుమ్మంలో ముక్కాలిపీట మీద నేను,
ఊలు తొడుగులు పళ్లతో లాగుతూ రాగ్న్‌ఫ్రిడ్.
వలలు కుట్టే బల్ల మీద నాలుగు తాళాలు.

"వచ్చేవాళ్లు మూడు రాత్రులుంటారు.
ఓడ ఆలస్యమైతే ఏ అర్ధరాత్రో దిగుతారు.
అప్పటికి నేను చేపల ఫ్యాక్టరీలో ఉంటాను.
చెవి చేతికివ్వడానికి మనిషి లేదు" అంది.
కిందటి వేసవిలో పూలకుండీ కింద దాచిన తాళంచెవి
ఎవరి జేబులోనో బెర్లిన్ దాకా పోయి
పోస్టులో తిరిగొచ్చిందట,
తోడు ఒక చాక్లెట్ బిళ్లతో.

మొదటిది ఫోనుతో తెరుచుకునేది.
గాలివానకు టవరు పడుకుంటే
అతిథి వానలో, తాళం ఆలోచనలో.
వద్దనుకున్నాం.

రెండోది అందగత్తె, అద్దం ముఖం.
తొడుగు తీస్తేగాని అంకె ముట్టనివ్వదు.
ఫిబ్రవరిలో ఈ దీవిలో
తొడుగు తీసిన వేలు ఎంతసేపు వేలుగా ఉంటుంది?

మూడోది వేలిముద్రది.
సరదాకి ఆమే బొటనవేలు ఆనించింది.
ఎర్ర దీపం.
చూపుడువేలు. ఎర్ర దీపం.
చెయ్యి మార్చింది, ఊదింది, చీర్లు పడ్డ వేళ్లను
స్వెట్టరుకు తుడుచుకుని మళ్లీ పెట్టింది.
ముప్పై నాలుగు చలికాలాలు
కాడ్ చేపల పొట్టలు చీల్చి ఉప్పులో నానిన వేళ్లు.
గీతలన్నీ ఎప్పుడో చేపలతోపాటే ఎగుమతైపోయాయి.
"చూశావా టోర్‌గేర్, నా గుమ్మానికి నేనే పరాయిదాన్ని"
అని నవ్వింది.
నవ్వాలో వద్దో తెలియక
నేను మరలు లెక్కపెట్టాను. ఎనిమిది.

నాలుగోది మొరటుది.
రబ్బరు బొత్తాలు, తొడుగుతో నొక్కినా పలికే లావుపాటి అంకెలు,
ఏమైనా అయితే ఆదుకోవడానికి
చిన్న మూత కింద పాతకాలపు రంధ్రం.
లిథియం బ్యాటరీలే వెయ్యి, చెప్పాను,
మామూలువి మైనస్ పన్నెండుకే మూర్ఛపోతాయి.
ఏడాదికి రెండుసార్లు గ్రీజు పట్టించు,
ఇక్కడి గాలి ఇత్తడిని కూడా నాకేస్తుంది.

వచ్చినవాళ్లకు తలా ఒక సంఖ్య,
వెళ్లే రోజు పదకొండింటికి అది చచ్చిపోతుంది.
గడియ వెయ్యాల్సిన గడియ
తాళానికే తెలుసు.

"ఒక సంఖ్య చావకుండా ఉంచొచ్చా?"
శుభ్రం చేసే డానూతెకేనా, అన్నాను.
"ఆమెకు వేరేది ఇస్తా."
ఇంకేం చెప్పలేదు. నేనూ గుచ్చలేదు.
తాళాలు బిగించేవాడికి
ఏ తలుపు దగ్గర ఆగాలో తెలిసుండాలి.

ఫిబ్రవరి నడుమ ఫోను చేసింది.
"దీనికి చెవి లేదన్నావు గానీ
ఇంత నోరుందని చెప్పలేదేం?"
ఓస్లోలో ఉండే అన్నకూతురు మార్తె,
గదిలో సగం వాటాదారు,
ఆమె ఫోనుకు కబురు వెళ్తోందట తలుపు తెరిచిన ప్రతిసారీ.
బుకింగ్ లేని మంగళవారం, తెల్లవారుజాము ఐదూ పది.
గురువారం, ఐదూ ఎనిమిది.
ఉన్నది ఇరవై నిమిషాలు. ఎవరది, అత్తా?

అప్పుడు చెప్పింది నాకు,
ఎస్కిల్ అని, పదకొండేళ్లవాడు,
బడికి ముందు రేవులో చేపల నాలుకలు కోస్తాడు.
కిలోకి ఇంతని డబ్బు.
వేళ్లు కొంకర్లు పోతే హీటరు దగ్గర కాచుకుని వెళ్తాడు.
వాడికి ఇల్లు లేక కాదు.
ఉంది. ఆ ఇంట్లో ఆ వేళకి
ఎవర్నీ లేపకూడదు.

అమరికల్లో మూడో పొరలో ఉంది,
ఒక్క సంఖ్యకు మాత్రం నోరు కుట్టేసే మీట.
నిదానంగా చెప్పాను, ఆమె నిదానంగా నొక్కింది.
ఇంత చిన్న అక్షరాలేమిటని వాళ్లనీ నన్నూ తిట్టింది.

మార్చిలో దిగిన దంపతులు
గది బాగుందన్నారు, కిటికీలోంచి కొండ బాగుందన్నారు.
హీటరు మీద ఎవరివో చిన్న తొడుగులు,
చేపవాసన, అన్నారు.
ఐదు నక్షత్రాల్లో ఒకటి కోసేశారు.

ఆ తొడుగులు ఉతకలేదట రాగ్న్‌ఫ్రిడ్.
ఉతికితే తెల్లారేలోగా ఆరవు.