చెవుల మొక్క

పర్లాకిమిడి స్టేషన్లో ప్లాట్‌ఫారం చివర
నీళ్ల టాంకు కింద ఉంది ఆ పొద.
హెర్బేరియం కాగితం మీద నేను రాసింది:
ఎత్తు ఆరడుగులు. ఆనుకోవడానికేమైనా దొరికితే పది.
ఇక్కడ దొరికింది
చిన్నరైలు కాలం నాటి సిగ్నలు స్తంభం.

కొమ్మలు సన్నం. నిలబడాలో పాకాలో
ఇంకా తేల్చుకోని వంపు.
ఆకు వేలంత, గరిటె ఆకారం,
వెనక్కి తిప్పితే తెల్లపొడి,
నల్లబల్ల తుడిచిన అరచెయ్యి.
తొడిమ మొదట్లో రెండు చిట్టి చెవులు
కాండాన్ని పట్టుకుని ఏదో వింటుంటాయి.
లాటిన్లో దీని పేరులోనే చెవులున్నాయి.

పువ్వు గొట్టం అంగుళంన్నర, దారమంత లావు.
కొసన అయిదు రేకులు,
ఒక్కోదాని నడుమ ఇస్త్రీ మడత లాంటి ముదురు గీత.
రంగు:
నీలం అని రాసి కొట్టేశాను.
మా నాన్న పంచెకి నీలిమందు
ఒక చుక్క ఎక్కువ పడిన రోజు రంగు.
గడి చిన్నది. లేతనీలం అని సరిపెట్టాను.

రక్షకపత్రాల నిండా జిగురు నూగు, ముట్టుకుంటే వదలదు.
గేటుమాన్ మనవరాలు ఝునూ రెండు పూలు తెంపి
చెవితమ్మెలకి అంటించుకుంది.
"మౌసీ, కెమితి దిశుచి?"
నాకు జవాబు తెలుగులోనే వచ్చింది.
దానికి అర్థమైపోయింది.
ఒడియాలో ఇది నీళచితా అట.
చితా అంటే నేను మరొకటి అనుకుని ఉలిక్కిపడితే
గుమ్మం ముందు పిండిముగ్గు చూపించింది.

స్వస్థలం: దక్షిణాఫ్రికా.
వచ్చిన తోవ: ఖాళీ.
ల్యాబులో దాలినాయుడంటాడు,
"ఎవులో ఇస్టేసను మాస్టరు
కొమ్మ ఇరిసి పాతీసినాడమ్మా, అంతే."

అంతే. ఆ కొమ్మకి కొమ్మ కాలేజీ గేటు దగ్గర,
దాని కొమ్మ ఆస్పత్రి వెనక,
దానిది ఎస్సైగారి క్వార్టర్సులో.
ఊరంతా ఒకటే మొక్క.
నూట నలభై పూలు లెన్సు కింద పెట్టి చూశాను,
అన్నిటా కీలం పొడుగే, కేసరాలు కిందే.
కీలం పొట్టిగా ఉండే రెండో రకం ఒకటుంది.
దాని పుప్పొడి తగిలితే గాని దీనికి గింజ కట్టదు.
ఎనభై ఏళ్లుగా పూస్తోంది,
ఒక్క గింజ లేదు.
చారల నీలి సీతాకోకలు మాత్రం వచ్చి
మొగ్గల మీద గుడ్లు పెట్టిపోతాయి,
మన చిత్రమూలానికి ఇది చుట్టమని
వాటికెవరు చెప్పారో.

దసరా సెలవుల్లో
సెరంగో దాటాక ఒక చర్చి వెనక,
నర్సు సుమంతి రయిత బట్టలారేసే తీగ కింద
అదే నీలం.
అలవాటుగా లెన్సు తీశాను.
కీలం పొట్టి.
మెట్టు మీద కూర్చుండిపోయాను.
"నీరసమా?" అని ఆమె నాడి పట్టుకుంది.

టిఫిన్ బాక్సులో తడిదూది, పద్నాలుగు పూలు.
ఘాటీ మలుపు మలుపుకీ మూత తెరిచి చూశాను.
పక్కసీటాయన
పాముపిల్లేమో అనుకుని లేచి వెనక్కెళ్లాడు.
నాలుగింటికి స్టేషన్లో
కాటుక కుంచెతో పదకొండు పూలకి పుప్పొడి అద్ది
ఒక్కోదానికీ ఎర్రదారం కట్టాను.
"పెళ్లిలాగున్నాదే," అన్నాడు దాలినాయుడు,
గొడుగు పట్టుకుని, ఎండకో సిగ్గుకో.

తొమ్మిదింటిని మేక మేసింది,
దారాలతో సహా.

మిగిలిన రెండింటికీ రేకులు రాలాయి,
జిగురు తొడుగు మాత్రం ఉంది.
లోపల ఏమైనా గట్టిపడితే
వేలికి తెలుస్తుందని పుస్తకంలో ఉంది.
ఇవాళ వెళ్లేసరికి ఒకటే కనిపించింది.
వెతికి వెతికి ఇంటికొచ్చి కొంగు దులిపితే
ఎర్రదారంతో రెండోది,
అంటుకుని నాతోనే వచ్చేసింది.

ఫలం: అనే గడి పక్కన పెన్సిల్ పెట్టి ఉంచాను.
ఇంకా నొక్కి చూడలేదు.