పేరు చెప్పన్నా

గురువారం మధ్యాహ్నం రెండున్నర.
కర్నూలు పెద్దాసుపత్రి, పాత బ్లాకు మేడమీది హాలు.
ఫ్యాన్లు మూడు, తిరిగేది ఒకటి.
దాని కింది కుర్చీలన్నీ డాక్టర్లవి.
ఎవరూ చెప్పలేదు, అయినా అంతే.

పాఠం అక్కడే మొదలుపెట్టినాను:
లేవండి సార్, కలిసి కూర్చోండి.
మత్తు డాక్టరు పక్కన స్ట్రెచర్ తోసే ఖాజా,
హౌస్ సర్జన్ పక్కన ఆయా హుసేనమ్మ.
ఆమె కుర్చీ అంచున కూర్చుంది,
ఎవరో లెమ్మంటారని.

పుస్తకంలో పెద్ద మాటలున్నాయి.
అది మూసి మా నాయన గురించి చెప్పినాను.
సుంకేసులలో లస్కరు ఆయన.
వరద రాత్రి, టార్చి వెలుగులో కొలబద్ద చూసి
"ఆరు గేట్లు, రెండడుగులు!" అని అరిచేవాడు.
అవతల నరసోజి
"ఆరు గేట్లు, రెండడుగులు!" అని తిరిగి అరిచేదాకా
చక్రం కదలగూడదు.
ఆరు నూరైనా అనేది సామెతకు బాగుంటుంది,
నీళ్ల హోరులో ఆరు ఆరే కావల్ల.

హౌస్ సర్జన్ చెయ్యెత్తినాడు:
"మేడం, బయట నాలుగొందల మంది ఉన్నారు.
అడుగడుక్కీ ఆగితే ఓపీ ఎప్పటికి తెమిలేది?"
న్యాయమైన ప్రశ్న.
నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ.
ఎవరికీ చెప్పనిది మాత్రం ఒకటుంది. అది చెప్పినాను.

ఎనిమిదేళ్ల కింద, మగవాళ్ల సర్జరీ వార్డు, రాత్రి మూడు.
పదకొండో మంచం మద్దిలేటి,
పన్నెండో మంచం మద్దిలేటి.
ఒకరిది డోన్, ఒకరిది బేతంచెర్ల.
(స్వామి పేరు పెట్టుకోని ఇల్లు మన పక్క ఏదుంది?)
ఒకరి రక్తం బీ, ఒకరిది ఓ.
నా చేతిలో సంచి బీ,
నేను నిలబడిన మంచం ఓ.
సంచి తగిలించినాను. గొట్టం దాకా పోయింది చెయ్యి.

"అక్కా" అంది నేల తుడిచే మనిషి,
"అన్న పేరు ఒకతూరి అడుగు. వాళ్ల నాయన పేరు గూడా."
నీ పని నువ్వు చూసుకోమని కసిరినాను.
ఆమె మాపు కర్ర గోడకానించి
నా మణికట్టు పట్టుకుంది.
తడి చెయ్యి. ఫినాయిల్ వాసన.
"అడుగక్కా."

అడిగినాను.
జరిగింది అంతే. అంటే, ఏమీ జరగలేదు.
జరగనిదానికి రిజిస్టరు లేదు,
మెమో లేదు, మెచ్చుకోలూ లేదు.
బేతంచెర్లాయన ఇంటికి పోతా పోతా నాకు దండం పెట్టినాడు.
ఆ దండం ఇంకా నా దగ్గర అప్పుగానే ఉంది.

హాల్లో ఫ్యాను చప్పుడొక్కటే.
హుసేనమ్మ కుర్చీలో వెనక్కి జరిగి
మెల్లగా వీపు ఆనించింది.

తర్వాత అభ్యాసం.
ఖాజా "ఆగండి సార్" అనల్ల.
మత్తు డాక్టరు "మంచిది, చెప్పు" అనల్ల.
మొదటిసారి ఖాజాకు గొంతు లేవలేదు.
రెండోసారి నవ్వొచ్చింది.
మూడోసారి అన్నాడు.
డాక్టరు అలవాటుగా "ఎందుకు?" అన్నాడు.
"ఎందుకు కాదు సార్. చెప్పు."
ఆగమనడం నేర్పేదానికి పది నిమిషాలు,
ఆగడం నేర్పేదానికి మిగతా గంట.

సాయంత్రం మెట్లు దిగుతుంటే
థియేటరు వాకిట్లో ఖాజా,
స్ట్రెచర్ మీదికి వంగి:
"పేరు చెప్పన్నా."
"చేతికి కట్టినారు కదప్పా, చూసుకో."
"చూసినాలే.
నీ నోటితో చెప్పు."