పడుకున్న ఎనిమిది

తరమణిలో రాత్రి రెండున్నర.
మూడో అంతస్తులో నల్లబల్లా నేనూ,
తిరగనా వద్దా అంటూ తిరిగే ఫ్యానూ.

సుద్దముక్కతో ఒక నక్షత్రాన్ని కూలుస్తున్నాను.
వ్యాసార్థం పది, ఒకటి, ఒకటిలో వందో వంతు.
హారంలోకి సున్న దిగగానే
మళ్ళీ అదే, అడ్డంగా పడుకున్న ఎనిమిది.
ఏడేళ్ళుగా ఇంతే.
సున్నకు సున్న, హళ్ళికి హళ్ళి.

మా గైడు వరదాచారి గారంటారు:
"అనంతం జవాబు కాదమ్మా,
సమీకరణానికి నోరు పడిపోయిన చోటు."
అనేసి టిఫిన్ డబ్బా సంచీలో వేసుకుని వెళ్ళిపోతారు.
నోరు పడిపోయినదాన్ని మాట్లాడించడం నా పని.
ఫెలోషిప్పు మాత్రం
పోయిన మార్చిలోనే అయిపోయింది.

అయిదున్నరకి ఆండాళమ్మ, బకెట్టూ తడిగుడ్డా.
రోజూ బల్ల వైపు చూడనిది
ఇవాళ ఆగింది.
"ఏమ్మా, ఎట్టు పడుత్తుకిచ్చు?"
ఎనిమిది ఎందుకు పడుకుందని, తన తమిళంలో.
నిద్ర చాలని నా తెలుగు చెవికి
మెట్టు అని వినపడింది.

మెట్టు.

ఇన్నాళ్ళూ నున్నటి జారుడుబల్ల మీద కదా
నక్షత్రాన్ని తోస్తున్నాను!
జారేది సున్న దాకా జారక ఎక్కడాగుతుంది?
మెట్లయితే?
స్థలమే పలకలు పలకలుగా ఉంటే,
పలకకీ పలకకీ నడుమ
కాలు మోపే చోటే లేకపోతే?
స్టేషన్లో ఎస్కలేటర్ చచ్చిన రాత్రి
ఇంకో మెట్టుందనుకుని చీకట్లో వేసిన అడుగు
ఠక్కున నేలకి తగిలి
నడినెత్తి దాకా ఝల్లుమనలేదూ!

సగం మెట్టు మీద మొదలెట్టి దిగాను.
రెండున్నర. ఒకటిన్నర. అర.
ఆ తర్వాత, మైనస్ అర.
సున్నని ఎవరూ తొక్కలేదు.

మైనస్ అర దగ్గర ఏ ఊరుందో తెలీదు.
అక్కడ కాలం ఎటు నడుస్తుందో,
అసలు నడుస్తుందో లేదో.
అంతా తప్పే కావచ్చు కూడా,
ప్లస్సుని మైనస్ చెయ్యడంలో నాది అందె వేసిన చెయ్యి.

"తొడైక్కవా?" అంది ఆండాళమ్మ, గుడ్డ పిండుతూ.
ఆ ఎనిమిదొక్కటీ తుడిచెయ్యమన్నాను.
తుడిచింది. బకెట్లో నీళ్ళు
కాస్త తెల్లబడ్డాయి.

కింద వేళచ్చేరి నుంచి మొదటి రైలు.
తడి ఆరేసరికి
ఎనిమిది నీడ అక్కడే ఉంది, పలచగా.
దానికి ఈ పక్క అర రాశాను,
ఆ పక్క మైనస్ అర.
మధ్యలో
చిటికెన వేలు పట్టేంత ఖాళీ వదిలాను.