తూకం

ఫెయిర్‌బ్యాంక్స్‌లో, వంటింటి బల్ల మీద
ఉత్తరదిక్కునంతా పరిచాం.
నాలుగు మూలలా ఉల్లిపాయలు పెడితే గానీ
చుట్టుకుపోకుండా ఆగలేదు.

దారి లేదు. ఊరు లేదు.
ఏటికి పేరుంది,
దాని పిల్లలకింకా ఎవరూ పెట్టలేదు.

చిన్న విమానం, మనిషికి యాభై పౌండ్లే అన్నాడు వెర్న్.
హైమ టూత్‌బ్రష్ పిడి విరిచేసింది.
నేను నవల్లో చదివేసిన పేజీలు చింపాను.

"మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు?"
ఆగస్టు పంతొమ్మిది, అన్నాం.
పెన్సిల్‌తో రాసుకున్నాడు.
"పొగమంచు దిగిందంటే మాత్రం
అది లేచినప్పుడే నేనూ."

అర్ధరాత్రి, ఇంకా వెలుతురుండగానే,
హైమ కట్టిన మూట విప్పి
క్యాలెండర్‌లో లేని రోజులకు
రెండు సోలల బియ్యం పోసింది.

నా రెండో చొక్కా
కుర్చీకే ఉండిపోయింది.